దిగుమతి చమురు తగ్గాలంటే ముందు ఏ బండిని పట్టుకోవాలి?

దేవరకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మన దేశం వాడే చమురులో ఎక్కువ భాగం బయటి నుంచే కొంటున్నాం కదా. అందరూ ఎలక్ట్రిక్ స్కూటర్లు కొంటే ఈ బాధ తీరుతుందా? ప్రభుత్వం దేని మీద ముందు డబ్బు పెట్టాలి? మా నల్లగొండ, పాలమూరు లాంటి జిల్లాల్లో చేయగలిగింది ఏమైనా ఉందా?"

సూటిగా చెప్తాను. స్కూటర్లు మారడం మంచిదే గానీ, వాటితోనే తీరదు. రోజుకు ఎక్కువ కిలోమీటర్లు తిరిగే డీజిల్ బండ్లను ముందు పట్టుకోవాలి. అంటే ప్యాసింజర్ ఆటోలు, ఆర్టీసీ బస్సులు, లారీలు. ఆటోలను, రాత్రికి డిపోకు తిరిగొచ్చే బస్సులను కరెంటు మీదికి తేవాలి. దూరం పోయే సిమెంటు, బియ్యం రైలెక్కాలి. ఇథనాల్ ఆ తర్వాత. సొంత కార్లకిచ్చే రాయితీ అన్నిటికన్నా చివర. మన జిల్లాల్లో చేయగలిగింది చాలానే ఉంది, అది చివర్లో రాస్తాను.

ముందు దేశం లెక్క. 2023-24లో దేశం మొత్తం వాడిన పెట్రోలియం ఉత్పత్తులు దాదాపు 23 కోట్ల టన్నులు. అందులో డీజిల్ ఒక్కటే 9 కోట్ల టన్నుల దగ్గర ఉంది, పెట్రోలు 3.7 కోట్ల టన్నులు. క్రూడ్‌లో (ముడి చమురులో) 85 శాతానికి పైగా దిగుమతే. 2013లో కేంద్ర పెట్రోలియం శాఖ తరఫున బంకుల దగ్గర చేసిన సర్వేలో పెట్రోలులో దాదాపు 61 శాతం టూ వీలర్లే తాగుతున్నాయని తేలింది. అదే సర్వేలో డీజిల్‌లో 70 శాతం రవాణాకు, 13 శాతం వ్యవసాయానికి పోతున్నట్టు వచ్చింది. కాబట్టి స్కూటర్ల మాట ఎత్తినవాళ్లది తప్పు కాదు, పెట్రోలు వరకు అదే పెద్ద వాటా. కానీ అసలు బరువు డీజిల్ వైపు ఉంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. రిఫైనరీలో క్రూడ్‌ను కాచినప్పుడు గ్యాస్, పెట్రోలు, కిరోసిన్, డీజిల్, తారు అన్నీ కలిసే వస్తాయి. డీజిల్ ఒక్కటే తీసుకుని పెట్రోలు వద్దనే వీల్లేదు. పాళ్లను కొంత అటూ ఇటూ జరపగలరు, అంతే. డీజిల్ వాడకం అట్లాగే ఉండి పెట్రోలు ఒక్కటే తగ్గితే, ఆ డీజిల్ కోసం క్రూడ్ కొంటూనే ఉండాలి, మిగిలిన పెట్రోలును బయటి దేశాలకు అమ్ముకోవాలి. డాలర్ల లెక్కలో కొంత కలిసొస్తుంది. ఆధారపడటం మాత్రం పెద్దగా తగ్గదు. డీజిల్‌ను ముందు పెట్టమనడానికి ఇదే మొదటి కారణం.

ఇప్పుడు ఒక్కో బండి ఏడాదికి ఎంత తాగుతుందో చూడండి. స్కూటర్ రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగి, లీటరుకు 50 ఇస్తే ఏడాదికి 150 లీటర్లు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే కారు, 15 మైలేజీతో దాదాపు 670 లీటర్లు. దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి, చింతపల్లి వైపు తిరిగే డీజిల్ ఆటో రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు వేసుకుంటే, 30 మైలేజీతో ఏడాదికి 1,000 లీటర్లు. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే పల్లె వెలుగు బస్సు, కేఎంపీఎల్ (లీటరుకు వచ్చే కిలోమీటర్లు) 5.2 అనుకుంటే, 350 రోజులకు 20 వేల లీటర్లు. ఏడాదికి 80,000 కిలోమీటర్లు తిరిగే పెద్ద లారీ, లీటరుకు 3 ఇస్తే 26 వేల పైచిలుకు. ఒక బస్సు మారితే 130 స్కూటర్లు మారినంత. ఒక లారీ ఏడాదంతా మోసే సరుకు రైలెక్కితే 40 కార్లు ఇంట్లో పెట్టినంత.

రాయితీలను కూడా ఈ లెక్కతోనే తూకం వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, 2026 డిసెంబరు ఆఖరు దాకా. మాఫీ మంచిదే. కానీ 15 లక్షల కారుకు 2024లో ఉన్న 17 శాతం లైఫ్ టాక్స్ చొప్పున ఖజానా వదులుకునేది 2.55 లక్షలు. దానివల్ల మిగిలేది ఏడాదికి 670 లీటర్లు. అదే ప్యాసింజర్ ఆటోకు కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకం మొదట్లో ఇచ్చిన రాయితీ గరిష్ఠంగా 50 వేలు, మిగిలేది ఏడాదికి 1,000 లీటర్లు. ఏడాదికి ఒక్క లీటరు తగ్గించడానికి కారు మీద 380 రూపాయలు పెడుతున్నాం, ఆటో మీద 50 రూపాయలు. అదే డబ్బు ఆటోల వైపు మళ్లిస్తే ఏడు రెట్లకు పైగా ఫలితం వస్తుంది. ఈ ఒక్క లెక్క విధానాలు రాసేవాళ్ల బల్ల మీద ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

బస్సా, ఆటోనా

"బస్సులు పెంచితే చమురు మిగులుతుంది" అని చాలామంది కళ్లు మూసుకుని చెప్పేస్తారు. సగమే నిజం. పల్లె వెలుగు కిలోమీటరుకు 0.19 లీటరు తాగుతుంది. బైకు కిలోమీటరుకు 0.02 లీటరు, దాని మీద సగటున 1.3 మంది అనుకుంటే తలకు 0.015 పడుతుంది. భాగించి చూడండి, బస్సులో కనీసం 12, 13 మంది బైకు వదిలి ఎక్కినవాళ్లు ఉంటేనే లెక్క సరిపోతుంది. ఆ పైన ఎక్కే ప్రతి మనిషీ లాభమే. మధ్యాహ్నం రెండింటికి ఆరుగురితో తిరిగే బస్సు చమురు మిగల్చదు. ముసలివాళ్లకు, ఆస్పత్రికి పోయేవాళ్లకు అది కావాలి, నడపాలి. కానీ దాన్ని చమురు పొదుపు ఖాతాలో రాయకూడదు.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తర్వాత బస్సులు నిండాయి. ఆడవాళ్లకు అది చాలా పెద్ద మేలు. చమురు కోణంలో మాత్రం ఒకటి గమనించాలి. బస్సుల సంఖ్య పెరగకుండా రద్దీ మాత్రమే పెరిగితే, సీటు దొరకని మగవాళ్లు బైకు తీస్తారు. పొద్దున 7 నుంచి 10 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు అదనపు ట్రిప్పులు పడితేనే ఆ బైకులు ఆగుతాయి.

ఇక సెవెన్ సీటర్ ఆటో. కిలోమీటరుకు 0.033 లీటరు, ఏడుగురు కూర్చుంటే తలకు 0.0048. నలభై మందితో పోయే బస్సుకూ తలకు అంతే పడుతుంది. నిండా ఎక్కించుకున్న షేర్ ఆటో చమురు లెక్కలో నిండిన బస్సుతో సమానం. కాబట్టి ఆటోలను రోడ్డు మీద నుంచి తరమాలన్న ఆలోచన సరికాదు. పెద్ద రోడ్డు మీద బస్సు, ఊళ్ల నుంచి పెద్ద రోడ్డు దాకా ఆటో, ఇట్లా పంచుకోవాలి. ఏడుగురి బండిలో పన్నెండు మందిని ఎక్కించడం వేరే సంగతి, దానికి లెక్కలతో పనిలేదు, అది ప్రాణాలతో ఆట.

ఎలక్ట్రిక్ ఆటో ఊళ్లో ఎక్కడ దెబ్బతింటుంది

గిట్టుబాటు మీద అనుమానం అక్కర్లేదు. డీజిల్ లీటరు 96 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 96 వేలు. కరెంటు ఆటో 100 కిలోమీటర్లకు ప్లగ్గు దగ్గర 8 యూనిట్లు లాగుతుంది. 30,000 కిలోమీటర్లకు 2,400 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 19 వేలు. ఏడాదికి 76 వేల తేడా. బండి ధర లక్ష ఎక్కువైనా ఏడాదిన్నరలో తేలిపోతుంది. అయినా మన దగ్గర డ్రైవర్లు వెనకాడుతున్నారంటే కారణాలు ఉన్నాయి. వాటిని సరిచేయడమే అసలు విధానం.

మొదటిది మీటరు. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు ఇంటికి జీరో బిల్లు. నెలకు 25 రోజులు తిరిగే ఆటో ఒక్కటే 200 యూనిట్లు లాగుతుంది. దానికి ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ కలిస్తే పరిమితి దాటుతుంది, అప్పుడు అదనపు యూనిట్లకే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. ఇంటి బిల్లు చూసి భార్య నిలదీసిందంటే ఆ వీధిలో రెండో ఆటో రాదు. దీనికి మందు సులువే. వాహనాల ఛార్జింగ్‌కు విద్యుత్ సంస్థలో ప్రత్యేక కేటగిరీ ఉంది. ఆటో అమ్మేచోటే ఆ వేరే మీటరు దరఖాస్తు నింపించి, అదనపు లోడు ఛార్జీలు మాఫీ చేస్తే సగం భయం పోతుంది.

రెండోది వైరింగ్. ఆటో ఛార్జరు 3 కిలోవాట్ల దాకా, 13 ఆంపియర్లు, నాలుగైదు గంటలపాటు ఆగకుండా లాగుతుంది. ఫ్యాను కోసం వేసిన 1 చదరపు మిల్లీమీటరు వైరు మీద, 6 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే గంటలో ప్లగ్గు ముఖం పసుపుపచ్చగా మారుతుంది, పిన్నుల దగ్గర ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది. అక్కడే ఆపేయాలి. కావాల్సింది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్టు, విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు). మీటరు నుంచి నేరుగా లాగాలి, మధ్యలో అతుకులు ఉండొద్దు.

మూడోది ఎర్తింగ్. మన నేల సగం రాయి, వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండి బిగుసుకుపోతుంది. న్యూట్రల్, ఎర్త్ మధ్య నాలుగైదు వోల్టులు కనబడితే మంచి ఛార్జర్లు "ఎర్త్ ఫాల్ట్" అని ఎర్ర లైటు చూపించి ఆగిపోతాయి. డ్రైవరు ఛార్జరు పాడైందనుకుని షోరూముకు మోసుకెళ్తాడు, అక్కడ బాగానే పనిచేస్తుంది, మళ్లీ ఇంటికొస్తే ఆగిపోతుంది. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తే ఈ గొడవ ఉండదు. కొన్నిచోట్ల రెండో గుంత తీసి రెండూ కలపాల్సి వస్తుంది.

నాలుగోది లైను చివర వోల్టేజీ. తండాల్లో, ఊరి చివరి ఇళ్లలో సాయంత్రం ఏడింటికి 180, 190 వోల్టులే ఉంటాయి. ఛార్జరు నెమ్మదిస్తుంది, లేదా ఆగుతుంది. రాత్రి పది తర్వాత పెడితే సరిపోతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను ఆటోలు వచ్చాయంటే 45 కిలోవాట్లు అదనం. అప్పుడు 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మూలుగుతుంది. ఇది ముందే చూసుకోవాల్సిన పని విద్యుత్ సంస్థది.

రేంజ్ విషయంలో కంపెనీ కాగితం మీది అంకెను అట్లాగే నమ్మొద్దు. 120 అని రాసిన బండి నిండు లోడుతో, గుంతల రోడ్డు మీద 85, 90 ఇస్తుంది. మన్ననూరు ఘాటు ఎక్కేదుంటే ఇంకా తగ్గుతుంది. సీసం బ్యాటరీ బండ్ల జోలికి పోవద్దు, మన ఎండకు ఏడాదికే కూలబడతాయి. ఎల్ఎఫ్‌పీ రకం లిథియం బ్యాటరీ వేడిని బాగా తట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం కిరాయి నుంచి వచ్చీ రాగానే ప్లగ్గు పెట్టకుండా, నీడలో అరగంట ఆరనిచ్చి పెడితే బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

బస్సులు: డిపోలోకి కరెంటు వచ్చాకే

ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్లు, ఏసీ వేస్తే నడివేసవిలో 1.5 దాకా లాగుతుంది. రోజుకు 300 కిలోమీటర్లంటే 360 యూనిట్లు. రాత్రి ఒకసారి, మధ్యాహ్నం విరామంలో ఒకసారి ఛార్జింగ్ పడాలి. 40 బస్సులను ఆరు గంటల్లో, బస్సుకు 250 యూనిట్ల చొప్పున నింపాలంటే నష్టాలు కలుపుకుని 2 మెగావాట్ల దగ్గరికి పోతుంది. ఇది చిన్న ఫ్యాక్టరీ లోడు. ఇంత లోడుకు చాలాసార్లు 33 కేవీ లైను కావాలి, దానికి స్తంభాలు, దారి హక్కు, బ్రేకర్లు, నెలల సమయం. బస్సులు ముందు వచ్చి లైను తర్వాత వస్తే అవి డిపోలో ఎండకు నిలబడి ఉంటాయి. లైను ముందు, బస్సు తర్వాత.

పల్లె వెలుగులో ఇంకో చిక్కు నైట్ హాల్ట్. రాత్రి ఆఖరి ట్రిప్పు ఊళ్లో ఆగి, పొద్దున మొదటి ట్రిప్పుగా బయల్దేరే బస్సుకు అక్కడ ఛార్జరు ఉండదు. అలాంటి షెడ్యూళ్లను డీజిల్‌కే వదిలి, నల్లగొండ-మిర్యాలగూడ, మహబూబ్‌నగర్-జడ్చర్ల లాంటి, డిపోకు తిరిగొచ్చే రూట్లను ముందు మార్చాలి. నగరాల కోసం చేసిన లో ఫ్లోర్ బస్సు మన కల్వర్టుల మీద, మట్టి ఎత్తుల మీద కింద తగులుతుంది. జిల్లాలకు ఎత్తు ఫ్లోరు రకమే అడగాలి.

ఉన్న డీజిల్ బస్సుల్లోనూ మిగల్చొచ్చు. క్లచ్ మీద కాలు ఆనించి నడపకపోవడం, స్టాండులో ఇంజిన్ ఆపడం, టైర్లలో గాలి వారానికోసారి చూడటం. గాలి పది శాతం తగ్గితే ఇంధనం దాదాపు ఒక శాతం ఎక్కువ కాలుతుంది. కేఎంపీఎల్ 5.2 నుంచి 5.4కు పెరిగితే ఒక బస్సు మీద ఏడాదికి 750 లీటర్లు మిగులుతాయి, ఒక కారు ఏడాదంతా తాగేదానికన్నా ఎక్కువ. దీనికి ఏ దేశం నుంచీ ఏదీ తెచ్చుకోవాల్సిన పని లేదు.

లారీలు, రైలు

మన ప్రాంతానికి ఇదే అసలు గని. మిర్యాలగూడ బియ్యం మిల్లులు, వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెర్వు సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నీ బరువైన సరుకులే, అన్నీ దూరం పోయేవే. సరుకు రవాణాలో రైలు వాటా 1951లో 80 శాతానికి పైగా ఉండేది, ఇప్పుడు పావు వంతు పైచిలుకు. 2030 నాటికి 45 శాతానికి తేవాలని జాతీయ రైలు ప్రణాళిక చెప్పింది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంది కాబట్టి టన్నుకు ఖర్చయ్యే శక్తి లారీతో పోలిస్తే మూడో వంతు, నాలుగో వంతే. పైగా బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం విద్యుదీకరణ అయింది, అంటే ఆ శక్తి కూడా చమురుది కాదు.

ఒక రేకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండి, 2,600 టన్నులు అనుకోండి. 25 టన్నుల చొప్పున 104 లారీలు. 300 కిలోమీటర్ల దూరానికి లారీకి 100 లీటర్లు, మొత్తం 10,400 లీటర్ల డీజిల్, ఒక్క ట్రిప్పుకు. ఖాళీగా తిరిగొచ్చేది వేరే.

మరి మిల్లులవాళ్లు లారీనే ఎందుకు పిలుస్తారు? సాధారణంగా రేకు మొత్తం ఒక్కరే నింపాలి, చిన్న మిల్లు దగ్గర ఒకేసారి 2,600 టన్నులు ఉండవు. మిల్లు నుంచి గూడ్స్ షెడ్డుకు లారీ, అక్కడ హమాలీ, దిగేచోట మళ్లీ హమాలీ, మళ్లీ లారీ, బస్తా నాలుగుసార్లు చేతులు మారుతుంది. లోడింగ్‌కు ఇచ్చిన గంటలు దాటితే డెమరేజీ అనే జరిమానా. వాన వస్తే పైకప్పు లేని ప్లాట్‌ఫాం మీద బస్తాలు తడుస్తాయి. వీటికి జవాబు చెప్పకుండా "రైలు వాడండి" అంటే ఎవరూ వాడరు. ఐదారు మిల్లులు కలిసి ఒక రేకు నింపుకునేలా ఒక ఏజెన్సీ, పైకప్పున్న గూడ్స్ షెడ్డు, రాత్రిపూట లైట్లు, షెడ్డు దాకా గట్టి సిమెంటు రోడ్డు, ఫోర్క్‌లిఫ్టుతో ఎత్తే ప్యాలెట్లు. కోట్ల సబ్సిడీ కన్నా ఇవే పని చేస్తాయి. 150 కిలోమీటర్ల లోపు దూరాలకు మాత్రం లారీయే మేలు, అక్కడ రైలును బలవంతపెట్టొద్దు.

పట్టాల సంగతి. బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరు పోయే 239 కిలోమీటర్ల లైను ఇన్నేళ్లూ సింగిల్ లైనే. ఎదురు బండి కోసం గూడ్సు లూప్ లైన్లో గంటలు గంటలు నిలబడాల్సిందే. దీని డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదం ఇచ్చింది. మన జిల్లా ప్రతినిధులు నెలనెలా ఆరా తీయాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే. పాలమూరు వైపు సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అక్కడ ఇప్పుడు అడగాల్సింది షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పొద్దున, సాయంత్రం ఎక్కువ లోకల్ రైళ్లు. రైలు ఒక్కటే ఉంటే సరిపోదు. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో, వనపర్తి పట్టణానికి దూరం. రైలు వేళకు స్టేషన్ ముందు బస్సు లేకపోతే మనిషి బైకు మీదే హైదరాబాద్ పోతాడు.

రోడ్డు మీదే ఉండే లారీలకు రెండు మాటలు. ఒకటి వేగం: గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 60లో ఉన్నదానికన్నా 80లో 1.78 రెట్లు. 65వ నంబరు హైవే మీద 60, 65 పట్టి పోయే డ్రైవరుకు హైదరాబాద్-విజయవాడ మధ్య గంట దాకా ఎక్కువ పడుతుంది, ట్యాంకులో మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది నిలబడటం: ఇంజిన్ ఆన్‌లో ఉంచిన లారీ గంటకు 2, 3 లీటర్లు తాగుతుంది. ధాన్యం సీజన్లో మిల్లుల ముందు బారులు తీరి, గజం గజం జరిగే బండ్లు తాగే డీజిల్ ఎవరి లెక్కలోనూ రాదు. గంటల వారీగా టోకెన్లు ఇస్తే అది ఆగిపోతుంది.

ఇథనాల్ గురించి

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపితే 20 శాతం చమురు మిగలదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుంది, నికరంగా మిగిలేది 14 శాతం. అది చిన్నదేం కాదు. కానీ అది పెట్రోలుకే, డీజిల్ జోలికి పోదు. రెండోది, బియ్యం, మక్కలు, చెరకు నుంచి చేసేదానికి నీళ్లు కావాలి. మరికల్ మండలం చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద 2023లో ఊళ్లు ఎంతగా తిరగబడ్డాయో పాలమూరువాళ్లకు తెలుసు. మిల్లుల్లో మిగిలే నూకల నుంచి చేసుకోవడం వరకు సమ్మతమే. దానికోసం బోరు నీళ్లతో కొత్తగా వరి వేయడం వద్దన్నది నా అభిప్రాయం.

పాత బైకు ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. వానాకాలంలో నెల రోజులు కదపని బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి స్టార్టు కాదు. పెట్రోలు పైపు మెత్తబడి ఉబ్బితే వెంటనే మార్పించండి.

కార్లకు మైలేజీ నిబంధనలు 2017లో మొదలయ్యాయి, 2022 నుంచి కంపెనీ సగటు కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ మించకూడదు. అంటే పెట్రోలు కారుకు ల్యాబులో లీటరుకు దాదాపు 21. ఈ పరిమితి కారు బరువుతో పాటు సడలుతుంది కాబట్టి బరువైన ఎస్‌యూవీలు తప్పించుకుంటున్నాయి. ఆ సడలింపు తగ్గాలి.

"కరెంటు కూడా బొగ్గే కదా, బ్యాటరీ కూడా దిగుమతే కదా"

ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గు. ఆటో ఏడాదికి 1.7 టన్నుల బొగ్గు కాలుస్తుంది, నిజం. కానీ మన బొగ్గు సింగరేణిలో తవ్వేది, దామరచర్ల యాదాద్రి ప్లాంటులో కాలేది. దాని పొగ, బూడిద మనమే మోస్తున్నాం, అందుకే పగటి సోలార్ కరెంటు వేళకు ఛార్జింగ్ జరపడం మేలు. అయినా చమురు ఓడ ఆగిపోతే మన బండి ఆగదు. బ్యాటరీ సెల్లులు చాలావరకు దిగుమతే, కానీ అవి ఒకసారి వచ్చి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. డీజిల్ ప్రతిరోజూ రావాలి. ఎనిమిదేళ్లలో ఆటో తాగే డీజిల్ 8,000 లీటర్లు, దాని బదులు వచ్చేది వంద కిలోల లోపు బ్యాటరీ. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో సెల్లుల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. అలాంటివి నిలబడితే ఆ దిగుమతీ తగ్గుతుంది. విశాఖ, మంగళూరు, పాదూరులలో భూగర్భంలో దాచగలిగే 53.3 లక్షల టన్నుల క్రూడ్ దేశానికి తొమ్మిది పది రోజులకే సరి. అది గండం గడవడానికి, ఆధారపడటం తగ్గించడానికి కాదు.

ఒక అడ్డంకి గురించి చెప్పకుండా వదలకూడదు. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం, పెట్రోలు మీద 35.2 శాతం. బంకులో అమ్మే ప్రతి లీటరు డీజిల్ మీద రాష్ట్రానికి దాదాపు 20 రూపాయలు వస్తుంది. చమురు తగ్గితే రాష్ట్రం ఆదాయమూ తగ్గుతుంది. కేంద్రం ఆదా అయిన దిగుమతి డబ్బులో రాష్ట్రాలకు కొంత ఇచ్చే ఏర్పాటు చేస్తే తప్ప, ఏ రాష్ట్రమూ మనస్ఫూర్తిగా ముందుకు రాదు.

మీ దేవరకొండలో ఏం చేయొచ్చు

మీ పట్టణానికి రైలు లేదు, ఆర్టీసీ డిపో ఉంది, చుట్టూ తండాలు ఉన్నాయి. కాబట్టి మొదలు ఆటోలతోనే. బస్టాండు దగ్గర మున్సిపాలిటీ స్థలంలో పది ఛార్జింగ్ పాయింట్లు, ఒక్కోటి 3.3 కిలోవాట్లు, మొత్తం 33 కిలోవాట్లు. దీనికి విడిగా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. పైన రేకుల నీడ తప్పనిసరి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు కిరాయిలు తక్కువ, ఎండకు సోలార్ కరెంటు ఎక్కువ, ఆ మూడు గంటల్లో బండి సగానికి పైగా నిండుతుంది. అప్పుడు చిన్న బ్యాటరీ బండి కొన్నా రోజు గడుస్తుంది, కిస్తీ తగ్గుతుంది.

అడగడానికి పోయేముందు లెక్క కట్టండి. రెండు మూడు రోడ్లు ఎంచుకుని, సంత రోజు ఒకటి, మామూలు రోజులు రెండు, పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 నిలబడి రాయండి: ఎన్ని ఆటోలు పోయాయి, ఒక్కోదాంట్లో ఎంతమంది, డీజిలా వేరేదా. ఒక ముప్పై మంది డ్రైవర్లను రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, రాత్రి బండి ఏ ఊళ్లో పెడతారో అడిగి రాసుకోండి. ఆఖరి ప్రశ్న ముఖ్యం, ఏ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని బండ్లు పడతాయో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ కాగితం ఒక ప్రతి డిపో మేనేజరుకు, ఒకటి మున్సిపల్ కమిషనరుకు, ఒకటి విద్యుత్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇవ్వండి. అది చేతిలో లేకుండా పోతే ఎక్కడ ఎంత లోడు పెంచాలో ఏఈ కూడా చెప్పలేడు.